లక్క సీలు వేసిన రసాల గంప

మా కింది వాటాలో ఒక అమ్మాయి ఉంటుంది. కంప్యూటరు ఉద్యోగం. మొన్న మెట్ల దగ్గర నన్ను ఆపి, "అంకుల్, మీరు ఇన్‌కమ్ టాక్సులోనే కదండీ పనిచేసింది? రిటర్ను వేసి పదకొండు రోజులైంది, ఇంకా రిఫండు పడలేదు. రోజుకి నాలుగుసార్లు ఫోన్లో చూస్తున్నాను. ఎక్కడైనా ఆగిపోయిందంటారా?" అని అడిగింది. మొహం చూస్తే తిండి కూడా సరిగ్గా తింటున్నట్టు లేదు.

పదకొండు రోజులట! నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. నా హయాంలో పదకొండు రోజులంటే రిటర్ను ఒక బల్ల మీంచి పక్క బల్ల మీదికి జరగడానికి పట్టే సమయం. "వస్తుందిలేమ్మా, ఎక్కడికీ పోదు" అని పంపించేశాను గానీ, పోదు అన్న మాట నోట్లోంచి రాగానే నాకు నేనే నాలుక కరుచుకున్నాను. పోయిన రిఫండు ఒకటి నాకు తెలుసు. దానితోపాటు నా ఉద్యోగమూ పోయేదే. ఆ సంగతంతా మెట్ల మీద నిలబెట్టి చెబితే బాగుండదు కాబట్టి, ఆ అమ్మాయి వయసు వాళ్ళందరి కోసం ఇక్కడ రాస్తున్నాను.

అది ఎనభైల నడిమి మాట. మా ఆఫీసు ఏ ఊళ్ళో ఉండేదో చెప్పను. అప్పటివాళ్ళు కొందరు ఇంకా గట్టిగానే ఉన్నారు, ఫోను చేసి మరీ తగువు పెట్టుకుంటారు. నూజివీడు వైపు పల్లెల ఫైళ్ళన్నీ మాకే వచ్చేవి, అంతవరకు చాలు. నేను రిఫండు సీటు గుమాస్తాని. పన్ను ఎక్కువ కట్టినవాళ్ళు రిటర్ను వేస్తే, లెక్క సరిచూసి, ఆఫీసరు గారి సంతకం పెట్టించి, వోచరు కవర్లో పెట్టి రిజిస్టరు పోస్టులో పంపించాలి. ఆ వోచరుకి ఆయుష్షు మూడు నెలలు. ఈలోగా బ్యాంకులో వేసుకుంటే డబ్బు, లేకపోతే చిత్తుకాగితం.

రిఫండు సీటంటే తినే సీటని బయట పేరు. నేను తినేవాణ్ణి కాదు. గొప్ప కోసం చెప్పడం లేదు. మా నాన్న గుళ్ళో అర్చకుడు, హారతి పళ్ళెంలో పడనిది ముట్టుకోవడం ఆయనకి తెలియదు, ఆ అలవాటు నాకూ అంటింది. ఒళ్ళు బద్ధకం మాత్రం ఆయన దగ్గర్నుంచి రాలేదు. అది పూర్తిగా నా సొంతం.

ఆ బద్ధకమే కొంప ముంచింది. ఏప్రిల్ ఆఖర్లో ఒక మధ్యాహ్నం, ప్యూను సెలవులో ఉంటే, ఏడు కవర్లు నేనే పోస్టాఫీసుకి మోసుకెళ్ళి రిజిస్టరు చేయించాను. పోస్టాఫీసు వాళ్ళిచ్చిన రసీదులు తెచ్చి డిస్పాచి రిజిస్టరులో అంటించి, ఎదురుగా నంబరు రాయాలి. జిగురు సీసా చూస్తే అడుగంటా ఎండిపోయి ఉంది. రేపు అంటిద్దాంలే అని రసీదులు చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఇంట్లో ఉండేది నేనూ మా అమ్మా. మర్నాడు పొద్దున్నే అమ్మ ఆ చొక్కా సోడా నీళ్ళలో నానేసింది. నేను చూసేసరికి జేబులో తెల్లటి ముద్ద మిగిలింది. దాన్ని ఎండలో ఆరబెట్టి పిన్నీసుతో విప్పుదామని చూశాను. పొడి రాలింది. సరే, కవర్లయితే వెళ్ళాయి కదా, ఎవరికి తెలుస్తుందిలే అని నంబర్ల గడి ఖాళీగా వదిలేసి రిజిస్టరు మూసేశాను.

ఆరుగురి నుంచి ఏ గొడవా రాలేదు. ఏడో ఆయన ఆగిరిపల్లి దగ్గర పల్లెలో ఉండే హైస్కూలు మాస్టారు. జీతం బకాయిలు ఒక్కసారిగా వచ్చినప్పుడు ఆయనకి పన్ను ఎక్కువ కోసేశారు. రెండు నెలల జీతమంత వెనక్కి రావాలి. మే నెల ఆఖరి వారంలో ఆయన దగ్గర్నుంచి ఆఫీసరు గారి పేరిట ఒక పిటిషను వచ్చింది. నల్లబల్ల మీద రాసినట్టు గుండ్రటి అక్షరాలు. ఏడాదిగా ఎదురుచూస్తున్నానని, తోటలో బావికి మోటారు పెట్టించుకుందామని ఆ డబ్బు మీదే ఆశపెట్టుకున్నానని రాసి, చివర్లో ఇలా ముగించాడు: "తమ ఆఫీసులో గుమాస్తా చెయ్యి తడపనిదే కాగితం కదలదని తెలిసినవారు చెబుతున్నారు. నేను తడపను." ఆఖరి మాట కింద రెండు గీతలు గీశాడు.

మా ఆఫీసరు గారి గురించి ఒక్క మాట చెబితే చాలు. ఆయన ఆఫీసు టీ కూడా తాగేవాడు కాదు, ఇంటి నుంచి ఫ్లాస్కు తెచ్చుకునేవాడు. నన్ను పిలిచి పిటిషను ముందు పెట్టాడు.

"పంపించావా?"

"ఏప్రిల్లోనే పంపానండి."

"రసీదేది?"

"ఉతుకుడులో పోయిందండి."

పక్కన నిలబడ్డ హెడ్ క్లర్కు గారు ఉత్తినే దగ్గారు. ఆఫీసరు గారు బ్యాంకుకి ఫోను చేసి కనుక్కున్నాడు. ఆ వోచరు మీద ఎవరూ డబ్బు తీసుకోలేదు. పోస్టాఫీసు వాళ్ళు నంబరు లేకుండా వెతకం పొమ్మన్నారు.

"అంటే వోచరు ఇంకా ఎక్కడో ఉంది. నీ సొరుగులో ఉందా?" అన్నాడాయన.

అందరి ముందూ నా సొరుగులు తీయించారు. అరిగిపోయిన రబ్బరు ముద్ర, అమ్మ కీళ్ళనొప్పుల తైలం సీసా, తినడం మర్చిపోయిన రెండు అరిసెలు బయటపడ్డాయి. టైపిస్టు గారు తల పక్కకి తిప్పుకున్నారు. అరిసెలకి పడ్డంత సిగ్గు నేను జన్మలో దేనికీ పడలేదు.

మర్నాడు పదకొండు గంటలకి నూజివీడు బస్సు కండక్టరు ఒక గంప తెచ్చి మా ఆఫీసు గుమ్మంలో దించాడు. పైన గోనెపట్టా వేసి పురికొసతో చుట్టూ కుట్టి ఉంది. "రిఫండు గుమాస్తా గారంటే ఎవరండీ? ఆగిరిపల్లిలో ఎక్కించారు" అని నలుగురికీ వినిపించేలా అరిచి మరీ వెళ్ళాడు మహానుభావుడు. చిన్న రసాల వాసన ఒక్కసారిగా ఫైళ్ళ దుమ్ముని కమ్మేసింది.

"ఏమోయ్, పిల్లనిచ్చేవాళ్ళు గానీ పంపించారా?" అని హెడ్ క్లర్కు గారు నవ్వబోయి, గోనెకి గుచ్చిన చీటీ చదివి నవ్వు మింగేశారు. ఆడవాళ్ళ చేతిరాత. "అన్నయ్య గారికి నమస్కారములు. మా వారి రిఫండు కాగితం కాస్త దయుంచి చూడవలెను. పండ్లు రెండు రోజులాగి తినండి, అప్పటికి బాగా మాగుతాయి." కింద ఫలానా మాస్టారి భార్య అని ఉంది.

మా వైపు సంగతి మీకు తెలియాలి. మామిడి సీజన్లో ఎవరితో పనున్నా వాళ్ళింటికి ఒక గంప వెళ్ళేది. డాక్టరుకీ, కరెంటాఫీసుకీ, పిల్లల మాస్టారికీ అందరికీ వెళ్ళేది. ఇచ్చేవాళ్ళు దాన్ని లంచమని అనుకోరు, తీసుకునేవాళ్ళు అసలే అనుకోరు. కానీ మొగుడు "తడపను" అని రాసిన పిటిషను చేరిన మర్నాడు పెళ్ళాం గంప పంపితే ఎలా ఉంటుందో మీరే ఆలోచించుకోండి.

ఆఫీసరు గారు తలుపు దగ్గరికొచ్చి చీటీ చదివాడు. "మాస్టారు తడపనన్నాడు. తడిపేదాకా నువ్వు వదల్లేదన్నమాట" అన్నాడు. అరిచినా బాగుండేది. ఆయన మామూలుగానే అన్నాడు.

సాయంత్రానికి నా సస్పెన్షను కాగితం టైపైపోయింది. హెడ్ క్లర్కు గారు లోపలికెళ్ళి ఏం బతిమాలారో గానీ, బయటికొచ్చి చెప్పారు. "రేపు శనివారం నువ్వే స్వయంగా ఆ గంప తీసుకెళ్ళి తిప్పి ఇచ్చెయ్యాలట. నువ్వు ఏమీ అడగలేదని మాస్టారి చేత రాయించుకు రావాలట. సోమవారం మధ్యాహ్నం లోపల ఆ కాగితం రాకపోతే సంతకం పెట్టేస్తారట. ఇంతకంటే నా వల్ల కాలేదయ్యా."

ఆ మాస్టారు నన్ను తిట్టి రాశాడు. ఆయన చేత నేను మంచివాణ్ణని రాయించుకురావాలి! పోనీ అంతటితో ఊరుకున్నారా? దారిలో నేను ఒక్క పండు తీసుకున్నా తెలియాలని, ఆఫీసరు గారు ప్యూను చేత లక్క కరిగించి, గంప కుట్టు మీద నాలుగువైపులా ఆఫీసు సీళ్ళు వేయించాడు. నాలుగు! మామిడిపళ్ళకి! నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుపు కాదు, ఉక్రోషం. ఇంటికెళ్ళి అమ్మతో క్యాంపుకి వెళ్తున్నానని అబద్ధం చెప్పాను. లంచగొండి కొడుకని మా వీధిలో ఎవరైనా ఆవిణ్ణి ఒక్క మాట అంటే ఆవిడ ఏమైపోతుందో నాకు తెలుసు. నా భయమల్లా అదే. జీతం సంగతి తర్వాత.

శనివారం బస్సులో గంప టాపు మీద వేస్తే సీళ్ళు పగులుతాయని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎర్రటి లక్క ముద్రలు చూసి పక్కనున్న రైతు, "ఏంటండీ, సర్కారువారు పళ్ళకి కూడా పన్నేశారా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. రెండు వైపులా తోటలే, కాయల బరువుకి కొమ్మలు నేలకి ఆనుతున్నాయి.

ఆగిరిపల్లిలో దిగి, గంప నెత్తికెత్తుకుని, రెండు మైళ్ళు నడిచి మాస్టారి ఊరికి చేరితే ఇంటికి తాళం. ఎదురింటావిడ విచిత్రంగా చూసి, "కోతల్లో ఇంట్లో ఎవరుంటారండీ? అందరూ తోటలోనే. నెల దాటింది వెళ్ళి" అంది. మళ్ళీ అరమైలు. మెడ విరిగిపోతోంది.

తోటలో పాక ముందు నలుగురు కూలీలు గడ్డి పరిచి కాయలు పేరుస్తున్నారు. మాస్టారు లుంగీ, బనీనుతో కాయల ముచ్చికలు కోస్తున్నాడు. చేతులనిండా సొన మరకలు. వాళ్ళ నాన్న, డెబ్భై దాటిన ముసలాయన, పాకలో నులకమంచం మీద కూర్చుని అందరికీ పని పురమాయిస్తున్నాడు. నేను గంప దించి, ఎవరినో, పిటిషను వల్ల ఏమైందో చెప్పాను.

"ఓహో, మీరేనా ఆ గుమాస్తా?" అన్నాడు మాస్టారు. కత్తి కింద పెట్టలేదు. "గంపెందుకు తెచ్చారు? నాకే పళ్ళు పెట్టి మంచి చేసుకుందామనా?"

"మీరు పంపిందేనండీ ఇది! తిప్పి ఇవ్వడానికి వచ్చాను" అని నేనూ గట్టిగానే అన్నాను. అంత దూరం మోసుకొచ్చాక ఇంకా మర్యాద ఎక్కడి నుంచి వస్తుంది?

"నేను పంపలేదు. నేను చస్తే పంపను."

అప్పుడు పాక వెనకనుంచి ఆయన భార్య చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. "నేను పంపానండీ" అంది.

"నువ్వా? ఎందుకు?"

"మీరు పిటిషను పెట్టానని నాకు చెప్పారేంటి? మీ కోపానికి పని అయ్యేది చెడుతుందని నేనే కండక్టరుకిచ్చి పంపాను. చీటీ కూడా రాశాను. తప్పా?"

"తప్పే! నా పరువు తీశావు!"

"ఏడాది నుంచి మోటారు మోటారని కలవరిస్తున్నది ఎవరండీ మరి?"

ఇద్దరూ అలా వాదించుకుంటుంటే నాకు సహనం చచ్చిపోయింది. "అయ్యా, అమ్మా, మీ తగువు తర్వాత. సోమవారం నా ఉద్యోగం పోతుంది. నేను మిమ్మల్ని ఏమీ అడగలేదన్నది నిజమా కాదా? నిజమైతే ఒక్క ముక్క రాసివ్వండి. గంప విప్పి చూసుకోండి, ఒక్క పండు తగ్గితే నన్ను అడగండి" అన్నాను.

మాస్టారు కత్తి కింద పెట్టాడు. తర్వాత చేతులు కడుక్కుని వచ్చి గంప ముందు కూర్చున్నాడు. ఇక్కడ ఆయన మాస్టారు కావడం నా అదృష్టం. ఏటా పరీక్షలకి ప్రశ్నపత్రాల కట్టలు విప్పే మనిషి. సీలున్నదేదీ ఊరికే విప్పడం ఆయన చేతికి రాదు. నాలుగు ముద్రలూ ఒక్కొక్కటే వేలితో తడిమి చూశాడు. కుట్టంతా చుట్టూ పరీక్షించాడు. ఇద్దరు కూలీలని సాక్షులుగా నిలబెట్టి, కాగితం మీద టైము రాసి, "సీళ్ళు చెక్కుచెదరలేదు" అని రాసుకుని, అప్పుడు పురికొస కోశాడు.

ఆయన భార్య పళ్ళు తీసి లెక్కపెడుతూ పక్కన పేర్చింది. ఒక్కటీ తగ్గలేదు. గడ్డి తీసింది. అడుగున పాత న్యూస్‌పేపర్లు పరిచి ఉన్నాయి. గంప దులుపుదామని పేపర్లు లాగింది. వాటి మధ్యలోంచి గోధుమరంగు కవరొకటి జారి గడ్డి మీద పడింది.

ఆ కవరు మీద చిరునామా నా చేతిరాత. రిజిస్టరు పోస్టు చీటీ, నంబరుతో సహా, మూల మీద అంటించే ఉంది. ఎవరూ విప్పలేదు.

మాస్టారు కవరు చించి, లోపలి వోచరు చూసి, మళ్ళీ సీళ్ళ వంక చూశాడు. "కుట్టు మా ఇంట్లో వేసిందే, విప్పి మళ్ళీ కుట్టింది కాదు, దాని మీద వేసిన సీళ్ళివి. మీరు పెట్టే వీలే లేదు. ఇది ఇక్కడే గంపలోకి వెళ్ళింది" అని మెల్లగా అన్నాడు. నన్ను నమ్మక వేయించిన లక్క ముద్రలే నన్ను కాపాడాయి!

"ఈ పేపర్లు ఎక్కడివి?" అని భార్యని అడిగాడు.

"మామయ్యగారి మంచం కింద కట్టవండీ. బేరానికి పోయే గంపలకైతే ఉత్త గడ్డేగా వేసేది. మంచి గంప కదా అని పేపర్లు వేశాను."

అందరం మంచం వైపు తిరిగాం. ముసలాయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు.

"నాన్నా, ఈ కవరు నువ్వు తీసుకున్నావా?"

"పోస్టు అబ్బాయి తోటకే తెచ్చిచ్చాడ్రా. నువ్వు చెట్టెక్కి ఉన్నావు. నేనే సంతకం పెట్టాను."

"పెట్టి? నాకివ్వాలా వద్దా?"

ముసలాయనకి కోపం వచ్చింది. "ఇస్తే నువ్వు వెళ్ళిపోవూ? ఏటా ఇంతేగా! కోతలు మొదలయ్యేసరికి సర్కారు కవరొస్తది. ఓసారి ఓటర్ల జాబితా అంటారు, ఓసారి జనాభా లెక్కలంటారు, ఓసారి పేపర్లు దిద్దడం అంటారు. నువ్వు సంచీ తగిలించుకుని పోతావు, కాయ చెట్టు మీదే పండి రాలిపోద్ది. ఈ ఏడన్నా తోటలో ఉంటావని కట్టలో దోపాను. కోతలయ్యాక ఇద్దామనే అనుకున్నాను." ఆగి, నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "సర్కారు కవర్లో డబ్బు కూడా వస్తదని నాకేం తెలుసు బాబూ? నా జన్మలో ఎప్పుడూ రాలేదు."

నేను ఆ గడ్డి మీదే కూలబడిపోయాను. నవ్వు మొదలైంది, ఆగలేదు, నవ్వుతూనే కళ్ళు కారిపోయాయి. గుండెల మీంచి బండ దించినట్టయింది. మాస్టారు నా పక్కన కూర్చుని, "క్షమించండి. తెలిసినవాళ్ళెవరో చెప్పారని రాసేశాను. పిల్లలెవరైనా అలా రాస్తే సున్నా వేసేవాణ్ణి" అన్నాడు. ఆవిడ నీళ్ళ చెంబు, దానితోపాటు మూడు రసాలు తెచ్చి పెట్టింది. వద్దన్నాను. "గంప తిప్పి ఇచ్చేశారుగా అన్నయ్య గారూ. ఇవి చెట్టువి" అంది. ఇక ఏ రూలూ గుర్తుచేసుకోలేదు. మోచేతుల దాకా కార్చుకుంటూ తిన్నాను.

సోమవారం ఆఫీసరు గారి ముందు మాస్టారి స్టేట్‌మెంటు పెట్టాను. నాలుగు పేజీలు. సీళ్ళు విప్పిన టైము, సాక్షుల వేలిముద్రలు, పళ్ళ లెక్క, తండ్రిగారు అన్న మాటలు అన్నన్నట్టు ఉన్నాయి. ఆయన చదువుతుంటే నేను ఉండబట్టలేక, "అక్కడ మూడు రసాలు తిన్నానండి" అని చెప్పేశాను.

"తెలుసు. మూడో పేజీలో ఉంది" అన్నాడు తలెత్తకుండా.

నాలుగో పేజీలో ముసలాయన మాట దగ్గర ఆగిపోయాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆయనన్నదాంట్లో తప్పేముందయ్యా?" అన్నాడు. టైపు చేసిన నా సస్పెన్షను కాగితం తీసి నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాడు. ఫ్లాస్కు మూత తిప్పి, అందులో సగం టీ పోసి నా ముందుకి జరిపాడు. వెనక హెడ్ క్లర్కు గారు ఊపిరి వదలడం నాకు వినిపించింది.

"ఇకమీదట సీజన్లో ఆ పల్లెలకి వెళ్ళే రిఫండు కవర్ల మీద ఎర్ర సిరాతో తెలుగులో రాయి, ఇది డ్యూటీ కాగితం కాదని" అన్నాడు.

"అలా రాయడానికి రూలుందాండీ?"

"లేదు. రాయి."

ఆ సీటులో ఉన్నన్నాళ్ళూ రాశాను. పక్క ఆఫీసుల వాళ్ళు నవ్వేవాళ్ళు, నవ్వనిచ్చాను. అలా రాసిన మొదటి కవరు నేనే తీసుకెళ్ళి రిజిస్టరు చేయించి, రసీదు జేబులో పెట్టకుండా పిడికిట్లో పట్టుకుని ఆఫీసుకి వచ్చాను. జిగురు సీసా తీస్తే మళ్ళీ ఎండిపోయి ఉంది. క్యారేజీ విప్పి, అమ్మ పెట్టిన అన్నంలోంచి నాలుగు మెతుకులు తీసి అంటించాను.